ఆకుపచ్చ గీత వెనక ఇరిడియం గిన్నె

పోయిన నెల ఈ పేజీలో గాదంకి వాతావరణ ప్రయోగశాలలోని లేజర్ గురించి మాటవరసకు ఒక్క వాక్యం రాశాను. లేజర్‌కు గుండెకాయ వేలెడంత స్ఫటికమనీ, దాన్ని పెంచుతారనీ. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. ‘రాయిని పెంచడమేమిటమ్మా, అదేమన్నా కోడిపిల్లా?’ అని పాకాల నుంచి ఒక పెద్దాయన ఎకసెక్కం కూడా ఆడారు. అయ్యా, ఇరవయ్యారేళ్లు నేను జీతం తీసుకున్నది ఆ పని చేసే. ఇంట్లోవాళ్లకే అర్థమయ్యేలా ఏనాడూ చెప్పలేకపోయాను. మా అత్తగారైతే పోయేదాకా నేనేదో రాళ్ల క్వారీలో ఆఫీసరుననే అనుకున్నారు. ఈ నెల పేజీ అంతా ఆ ఉత్తరాలకే.

*

ప్రశ్న: మేడంగారికి నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర పల్లె. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుంటే కొన్ని రాత్రుళ్లు పాకాల వైపు ఆకాశంలోకి సన్నటి ఆకుపచ్చ గీత నిట్టనిలువుగా పోతా కనిపించేది. అది రాకెట్లోళ్లదని మా నాయన చెప్పేవాడు. మీరేమో వేలెడంత రాయిలోంచి వస్తుందన్నారు. ఆ రాయి ఏ గనిలో దొరుకుతుంది? పెంచడమంటే ఏంది?
– డిగ్రీ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: మీ నాయన చెప్పింది సగం నిజమే బాబూ. ఆ గీత గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలది. అది అంతరిక్ష శాఖ కిందే పనిచేస్తుంది. 1998లో జపాన్ వాళ్ల సహకారంతో అక్కడ లైడార్ పెట్టారు. రేడార్ రేడియో తరంగాలతో చేసే పనిని లైడార్ వెలుతురుతో చేస్తుంది. సెకనుకు 20 సార్లు ఆకుపచ్చ వెలుగును తునకలు తునకలుగా పైకి వదులుతారు. గాలికీ, దుమ్ముకూ, పలచటి మబ్బుకూ తగిలి ఏ కాస్తో వెనక్కి వచ్చేదాన్ని టెలిస్కోపుతో పట్టి, ఎంతసేపటికి వచ్చిందో చూస్తారు. 30 కిలోమీటర్ల ఎత్తుకు పోయి తిరిగి రావడానికి దానికి పట్టేది సెకనులో 5,000వ వంతు.

ఇక రాయి. దాని పేరు నియోడిమియం యాగ్. యాగ్ అంటే ఇట్రియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన గార్నెట్. మన నవరత్నాల్లోని గోమేధికం కూడా గార్నెట్టే, కాబట్టి రెండూ దూరపు చుట్టాలు. కానీ లేజర్‌కు పనికొచ్చే యాగ్ ఏ గనిలోనూ దొరకదు. మనమే చేసుకోవాలి. ఆ యాగ్‌లో ఇట్రియం ఉండాల్సిన చోట్లలో నూటికి ఒకచోట నియోడిమియం అనే లోహపు అణువు కూర్చుంటే, దాని మీద బలమైన వెలుతురు పడినప్పుడు 1064 నానోమీటర్ల తరంగ నిడివి ఉన్న కిరణం పుడుతుంది. అది కంటికి కనపడదు. ఇంకో స్ఫటికంలోంచి పంపితే ఆ నిడివి సగమై 532 అవుతుంది. నీకు మిద్దె మీద నుంచి కనిపించింది ఆ సగం చేసినదే. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు దీంతో మొదటిసారి లేజర్ వెలిగించింది 1964లో.

పెంచడం ఎట్లా అంటే, కొలిమి ముందు కూర్చోబెట్టి చూపించాల్సిన పని అది. మాటల్లో ప్రయత్నిస్తాను.

ఇరిడియంతో చేసిన గిన్నె ఉంటుంది. వెడల్పు 10 సెంటీమీటర్లు, ఎత్తూ అంతే, గోడ మందం 2 మిల్లీమీటర్లు అనుకో. ముప్పావు లీటరు పాలు పడతాయి. ఒట్టి గిన్నె బరువు మాత్రం దాదాపు పావుతక్కువ రెండు కిలోలు. మొదటిసారి చేతికిచ్చినప్పుడు మణికట్టు కిందికి జారిపోయి, పక్కనున్న సీనియర్ నవ్వింది. బంగారంకంటే బరువైన లోహం, ధర సంగతి చెప్పక్కర్లేదు. మా దగ్గర ఆ గిన్నె బీరువాలో తాళం వేసి ఉండేది. పనికి ముందు తూకం, పని తర్వాత తూకం, రెండుసార్లూ రిజిస్టర్‌లో సంతకం. అంత ఖరీదైన గిన్నె ఎందుకంటే, యాగ్ కరగాలంటే 1970 డిగ్రీల దాకా వేడి కావాలి. ప్లాటినం గిన్నె అయితే అప్పటికే నీళ్లయిపోయి ఉంటుంది. ఇరిడియం 2446 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

ఆ గిన్నెలో ఆక్సైడ్ పొడుల్ని బిళ్లలుగా నొక్కి వేస్తాం. చుట్టూ రాగి తీగ చుట్టలు, వాటి లోపల నీళ్లు పారుతుంటాయి. చుట్టల్లో కరెంటు పారితే గిన్నె దానంతటదే కాగుతుంది. మీ ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే అదే సూత్రం. గాలి తగిలితే ఇరిడియం పొగై పోతుంది కాబట్టి లోపలంతా నైట్రోజన్ నింపుతాం. పొడి కరిగి నీళ్లలా అయ్యాక, పైనుంచి అగ్గిపుల్లంత యాగ్ ముక్కను, దాన్ని విత్తనం అంటాం, తిప్పుతూ దించి కరుగు పైపొరకు ముట్టిస్తాం. ఆ ముట్టించడమే అసలు విద్య. వేడి ఒక పిసరు ఎక్కువైతే విత్తనం కరిగి ఊడిపోతుంది. తక్కువైతే పైపొర మీద మంచు పట్టినట్టు గబగబా గడ్డ కట్టుకుంటూ పోతుంది. చిన్న కిటికీలోంచి చూస్తుంటే కరుగు పైన నల్లటి సన్నటి చారలు అంచు నుంచి మధ్యకు, బండి చక్రం ఆకుల్లాగా, కదులుతుంటాయి. ఆ చారలు ఎంత నిలకడగా ఉన్నాయో చూసి సరైన వేళ పట్టుకోవాలి.

నాకు అది తొందరగా పట్టుబడింది. మా ఊరు కాణిపాకం దగ్గర, మా తాతకు బెల్లం గానుగ ఉండేది. పెనంలో రసం ఉడుకుతుంటే ఆయన గరిటెతో తీసి చన్నీళ్ల గిన్నెలో ఒక చుక్క వేసి వేళ్లతో నలిపి, ‘ఇంకా రెండు నిమిషాలు’ అనేవాడు. గడియారం చూడకుండానే. పిలకాయలం చుట్టూ చేరి ఆ నీళ్లలో చుక్క కోసం కొట్టుకునేవాళ్లం. కొలిమి కిటికీలో కన్ను పెట్టినప్పుడల్లా ఆ పెనమే గుర్తొచ్చేది.

విత్తనం సరిగ్గా అంటుకున్నాక నెమ్మదిగా పైకి లాగుతూ పోతే, దాని కింద కరుగు గడ్డకట్టి, విత్తనంలో అణువులు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో చేరుతుంది. కొత్త రాయి పాత రాయి కాపీ అన్నమాట. ఈ పద్ధతి యాన్ చోక్రాల్‌స్కీ అనే పోలండ్ శాస్త్రవేత్తది. 1916లో బెర్లిన్‌లో పనిచేస్తూ, సిరాబుడ్డి అనుకుని కరిగిన తగరంలో కలం ముంచాడనీ, తీసేసరికి కొసకు సన్నటి తీగ వేలాడిందనీ, చూస్తే అది ఏకస్ఫటికమనీ చెప్పుకుంటారు. మీ ఫోన్ చిప్‌లోని సిలికాన్ కూడా ఇట్లా లాగిందే.

*

ప్రశ్న: అమ్మా, నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. నియోడిమియం యాగ్‌ను గంటకు అర మిల్లీమీటరు చొప్పున లాగుతారని పుస్తకంలో ఉంది. సిలికాన్‌ను గంటకు కొన్ని సెంటీమీటర్లు లాగుతారు కదా. దీనికి ఇంత నత్తనడక ఎందుకు? మోటారు వేగం పెంచితే ఏమవుతుంది?
– పుత్తూరు నుంచి ఒక విద్యార్థిని

జవాబు: ఏమవుతుందో నేను పెంచి చూశానమ్మాయ్. ఒకసారి, చెప్పకుండా. దాని సంగతి తర్వాత.

ముందు ఆ వేగం ఎంతో కళ్లకు కట్టాలి. మీ గోడ గడియారంలో గంటల ముల్లు అయిదు సెంటీమీటర్లుంటే, దాని కొస గంటకు 26 మిల్లీమీటర్లు నడుస్తుంది. మా స్ఫటికం నడక అందులో యాభయ్యో వంతు. రోజుకు 12 మిల్లీమీటర్లు. ఒక జానెడు రాయి కావాలంటే రెండు వారాల పైమాట, అదీ పగలూ రాత్రీ ఎవరో ఒకరు కాపలా ఉంటే. ఉగాది, సంక్రాంతి అని లేదు. నేను నా పెళ్లిచూపులకు కూడా డ్యూటీ మార్చుకుని వెళ్లాను.

కారణం నియోడిమియం ఒళ్లు. ఇట్రియంకంటే అది తొమ్మిది శాతం దాకా లావు. ఆర్టీసీ బస్సులో ముగ్గురి సీటులో లావుపాటి మనిషి వచ్చి కూర్చుంటే మిగతా ఇద్దరూ ఎట్లా ఇబ్బంది పడతారో, యాగ్ అల్లికలో నియోడిమియం కూర్చుంటే చుట్టుపక్కల అణువులకు అంత ఇబ్బంది. అందుకే గడ్డకట్టేటప్పుడు స్ఫటికం దాన్ని వీలైనంత మటుకు బయటికే నెట్టేస్తుంది. కరుగులో అయిదు పాళ్లు ఉంటే లోపలికి వెళ్లేది ఒక పాలు, కొంచెం అటూ ఇటూ. మిగతా నాలుగు పాళ్లు కరుగులోనే మిగులుతాయి.

ఐస్‌ఫ్రూట్ గుర్తుందా? రంగునీళ్లు పోసి గడ్డకట్టిస్తే అంచుల్లో తెల్లటి ఐసు, రంగూ తీపీ అంతా మధ్యలో చేరి ఉంటుంది. ఐసు రంగును ఒప్పుకోదు, నెట్టుకుంటూ పోతుంది. ఇక్కడా అదే. నెట్టేసిన నియోడిమియం గడ్డకట్టే అంచు దగ్గరే పేరుకుంటుంది. మనం నెమ్మదిగా లాగితే అది మెల్లగా కరుగంతా సర్దుకోవడానికి టైము ఉంటుంది. గబగబా లాగితే అంచు దగ్గరే కిక్కిరిసిపోయి, అక్కడి కరుగు గడ్డకట్టే వేడి మారిపోతుంది. అప్పుడు అంచు నున్నగా నిలవదు, వేళ్లు వేళ్లుగా చీలి, ఆ వేళ్ల మధ్య కరుగు చిక్కుకుపోతుంది. సిలికాన్‌కు ఈ తలనొప్పి లేదు. అక్కడ కలిపేది కోట్లలో కొన్ని అణువులే.

దొంగతనంగా వేగం పెంచానన్నానే, ఒకటిన్నర మిల్లీమీటర్లు. రాత్రి షిఫ్టు, నేనొక్కదాన్నే. తెల్లారేసరికి పైకి బానే ఉంది. చల్లారాక కోసి వెలుతురుకు పెడితే, లోపల పొగ చూరినట్టు మబ్బు. దాంట్లోంచి లేజర్ కాదు కదా, టార్చి లైటు కూడా తిన్నగా పోదు. మా గైడ్‌గారు ఏమీ అనలేదు. ఆ ముక్కను నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నెమ్మదిగా లాగినా ఇంకో చిక్కు ఉంది. నియోడిమియం వెనకబడుతూ పోతుంది కాబట్టి కరుగులో దాని పాలు పెరుగుతుంది. గిన్నెలో పావు వంతు లాగేసరికి, రాయి కింది కొసలో నియోడిమియం పై కొసకంటే సుమారు నాలుగో వంతు ఎక్కువ అవుతుంది. లెక్క నువ్వే వేసి చూడు, షైల్ సూత్రం మీ సిలబస్‌లో ఉంటుంది. అందుకే గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరూ లాగరు. పావు వంతుకు కాస్త అటూ ఇటూగా ఆపేసి, మిగిలినదానికి కొత్త పొడి కలుపుకుని మళ్లీ మొదలుపెడతారు.

అంత కష్టపడి లాగిన రాయిలో కూడా అంతా పనికిరాదు. నడిబొడ్డున టెంకలాంటి కోర్ ఒకటి ఏర్పడుతుంది. గడ్డకట్టే అంచు కిందికి శంకులా దిగుతుంది, దాని కొసన చదునైన ముఖాలు తేలతాయి. ఆ ముఖాల మీద పెరిగిన చోట నియోడిమియం కాస్త ఎక్కువ చేరి, లోపల బిగువు మిగిలిపోతుంది. రెండు పోలరాయిడ్ బిళ్లల మధ్య పెట్టి చూస్తే అది నక్షత్రంలా స్పష్టంగా కనపడుతుంది. మరి రాడ్‌లు ఎక్కడి నుంచి తీస్తాం? బంగినపల్లి మామిడిని కోసినట్టే. టెంకను వదిలేసి, పక్కనున్న చెంపల్లోంచి. చిత్తూరోళ్లకు ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదనుకుంటాను.

నా దగ్గర ఇప్పుడున్నది ఒక పగిలిన ముక్క మాత్రమే. పదమూడో రోజు రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ అందుకోవాల్సింది, అందుకోలేదు. డీజిల్ ఉందా లేదా అని ఎవరూ చూసుకోలేదని తర్వాత తేలింది. పని ఎవరిదని ఆఫీసులో మూడు నెలలు కాగితాలు తిరిగాయి. ఆ రాత్రి మాత్రం కిటికీలో తెల్లగా ఉన్నది పసుపై, నారింజై, ఎర్రబడి, నల్లబడటం చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి లోపల ‘టప్’మని చిన్న చప్పుడు. లాంతరు చిమ్నీ మీద నీటిచుక్క పడితే వచ్చేలాంటిది. మా అసిస్టెంటు టీ గ్లాసు కింద పెట్టేసి, ‘మేడం, పోయింది’ అన్నాడు. ఆ ముక్క ఎండలో పెడితే లేత వంకాయ పువ్వు రంగులో ఉంటుంది. ఉత్తరాలు ఎగిరిపోకుండా దాన్నే పైన పెడుతుంటాను.

*

ప్రశ్న: అక్కా, మాకు గాంధీ రోడ్డులో నగల పని. కెంపులు పొదుగుతాం. లేజర్‌ను మొదట కెంపుతోనే చేశారని మా అబ్బోడు అంటున్నాడు. మేము వాడే సింథటిక్ కెంపుతో అయినా చేయొచ్చా? ఇంకో మాట, జాతకంలో రవికి కెంపు పెట్టుకోమన్నోళ్లు ల్యాబ్ కెంపు వద్దంటారు. రెండూ ఒకటేనా కాదా?
– స్వర్ణకారుడు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం తమ్ముడూ. 1960 మే 16న అమెరికాలో కాలిఫోర్నియాలోని హ్యూస్ ప్రయోగశాలలో థియొడార్ మైమన్ మొట్టమొదటి లేజర్‌ను వెలిగించాడు. అందులో వాడింది ల్యాబ్‌లో చేసిన కెంపు కడ్డీయే. చుట్టూ స్ప్రింగులా తిరిగిన ఫ్లాష్ బల్బు, మధ్యలో కెంపు, రెండు కొసల్లో వెండి పూత. అంతకుమించి ఏమీ లేదు.

మీరు పొదిగే సింథటిక్ కెంపుల్లో ఎక్కువ భాగం వెర్నోయ్ పద్ధతివి. ఫ్రాన్స్‌కు చెందిన ఒగుస్త్ వెర్నోయ్ 1902లో దాన్ని బయటపెట్టాడు. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని సన్నటి జల్లెడలోంచి మంట గుండా రాలుస్తారు. మంటలో కరిగిన చుక్కలు కింద పీట మీద పడి, గంటల్లోనే క్యారెట్‌ను తలకిందులుగా నిలబెట్టినట్టు రాయి లేస్తుంది. ఎరుపు కోసం కాస్త క్రోమియం. లేజర్ కెంపులో అది 0.05 శాతం చాలు, చూస్తే గులాబీ రంగే గానీ మీరు ఇష్టపడే పావురం రక్తం రంగు కాదు.

గంటల్లో పెరిగిందంటే దానికి తగ్గ గుర్తులు లోపల ఉంటాయి. మీ 10 రెట్ల లూప్‌తో, అదే మీ కంటి భూతద్దంతో చూడండి. గ్రామఫోన్ రికార్డు గీతల్లా వంకర గీతలు, అక్కడక్కడ గుండ్రటి గాలిబుడగలు. గనిలో పుట్టిన కెంపులో గీతలు తిన్నగా, కోణాలుగా ఉంటాయి. నగకు ఆ వంకర గీతలు అడ్డం కాదు. లేజర్‌లో మాత్రం వెలుతురు రెండు అద్దాల మధ్య మళ్లీ మళ్లీ అదే రాయిలోంచి పోతుంది. ప్రతిసారీ ఆ గీత దగ్గర ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగితే చివరికి కిరణం చెదిరిపోతుంది. అందుకే తర్వాత్తర్వాత లేజర్ కోసం కెంపును కూడా నెమ్మదిగా గిన్నెలోంచి లాగడం మొదలుపెట్టారు.

గుణంలో, గట్టిదనంలో ల్యాబ్ కెంపూ గని కెంపూ ఒకటే వస్తువు. రవి సంగతి నేను చెప్పలేను, ఆయనతో నాకు పరిచయం ఎండాకాలంలో మాత్రమే. కొనేవాళ్లకు ఏది ఏదో బిల్లు మీద రాసివ్వండి, అంతే.

*

ప్రశ్న: గంగమ్మ జాతరలో మా చిన్నోడు ఆకుపచ్చ లేజర్ పెన్ను కొన్నాడు. దీంట్లో కూడా స్ఫటికం ఉందా, లేక ఉత్త బల్బేనా?
– ఒక తల్లి, కొర్లగుంట

జవాబు: ఉండే అవకాశం ఎక్కువ తల్లీ. ఈ పెన్నుల్లో చాలావాటిలో ఆవగింజంత రాళ్లు రెండు అతికి ఉంటాయి. ముందు ఒక చిన్న డయోడ్ 808 నానోమీటర్ల కిరణం ఇస్తుంది. మొదటి రాయి, నియోడిమియం కలిపిన ఇట్రియం వనడేట్, దాన్ని తాగి 1064 ఇస్తుంది. రెండోది కేటీపీ, దాన్ని 532 చేస్తుంది. గాదంకిలో ఉన్న కథే, జేబులో పట్టేంత. కొత్తగా రాళ్లు లేకుండా నేరుగా ఆకుపచ్చ ఇచ్చే డయోడ్‌లూ వస్తున్నాయి. మీది ఏదో తెలియాలంటే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి వెలిగించండి. బాగా మసకబారితే లోపల రాళ్లున్నట్టే అనుకోవచ్చు. చల్లబడితే డయోడ్ రంగు జరిగిపోయి, రాయి దాన్ని సరిగా తాగలేదు.

పరీక్ష అయ్యాక మాత్రం దాన్ని పిల్లవాడికి ఇవ్వకండి. చవక పెన్నుల్లో కనపడని కిరణాల్ని ఆపే ఫిల్టర్ పెట్టరు. ఆకుపచ్చ కనపడితే రెప్ప అయినా పడుతుంది, కనపడనిది లోపలికి పోతుంటే రెప్ప కూడా పడదు. కోళ్లకూ కుక్కలకూ కొట్టి ఆడుకోవడం కూడా వద్దు.

*

ప్రశ్న: మేడం, మీ జవాబుల్లో ఎప్పుడూ పాతకాలపు పద్ధతులే ఉంటాయి. ఇప్పుడు ఫైబర్ లేజర్‌లు, సిరామిక్ లేజర్‌లు వచ్చేశాయి. రెండు వారాలు కూర్చుని రాయి లాగేవాళ్లు ఇంకా ఎందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, ఏర్పేడు

జవాబు: కోపం తెప్పించావు గానీ అడగాల్సిన మాటే. ఉంగరం మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబర్ చెక్కే మెషీన్లలో ఎక్కువ ఫైబర్‌లే, అంటే సన్నటి గాజు పోగులో కిరణం పుట్టించేవి. ఇనుప రేకు కోసేవీ అవే. ఆ పనుల్లో కడ్డీ లేజర్ ఓడిపోయింది, ఒప్పుకుంటాను.

సిరామిక్ సంగతి: యాగ్ పొడిని అచ్చులో నొక్కి, కరగకముందే ఆపి, వాక్యూమ్‌లో కాల్చి, అద్దంలా పారదర్శకంగా తేవచ్చు. 1995లో జపాన్‌లో అకియో ఇకెసూ బృందం అలాంటి పలకతో స్ఫటికానికి దీటైన లేజర్ చేసి చూపించింది. అప్పుడు మేమంతా కాస్త బిత్తరపోయిన మాట నిజం. గిన్నె అక్కర్లేదు, టెంక ఉండదు, నియోడిమియం ఎంత కావాలంటే అంత కలపొచ్చు, పెద్ద పలకలు చేయొచ్చు. కాకపోతే పొడి రేణువుల మధ్య ఒక్క గాలిబుడగ మిగిలినా వెలుతురు చెదురుతుంది. ఆ బుడగలన్నీ తరిమేయడం రాయి లాగడంకన్నా సులువని నాకు ఎవరూ చెప్పలేదు.

మెరుగైన లేజర్ అంటే కొత్త పద్ధతి ఒక్కటే కాదు, వేడి తక్కువ మిగలడం కూడా. 808 ఇచ్చి 1064 తీసుకుంటే, ఎంత బాగా చేసినా ఇచ్చినదాంట్లో 24 శాతం రాయిలోనే వేడిగా ఉండిపోతుంది. కడ్డీ మధ్య కాగి, అంచు చల్లగా ఉండి, రాయే ఒక భూతద్దంలా మారుతుంది. నియోడిమియం బదులు ఇటెర్బియం కలిపితే 940 ఇచ్చి 1030 తీసుకుంటాం, మిగిలే వేడి 9 శాతం. పైగా ఇటెర్బియం ఒడ్డూ పొడుగూ ఇట్రియంకు దగ్గర కాబట్టి స్ఫటికం దాన్ని బయటికి నెట్టదు, టెంక బాధ కూడా తగ్గుతుంది.

ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. సెకనులో కోటి కోటి వంతుల్లో కొలిచే అతి పొట్టి తునకలు కావాలంటే టైటానియం కలిపిన నీలం రాయి, అంటే టైటానియం సఫైర్ ఉండాలి. 1982లో ఎమ్‌ఐటీ లింకన్ ల్యాబ్‌లో పీటర్ మౌల్టన్ దాన్ని లేజర్‌గా పనిచేయించాడు. దాన్ని పెంచడంలో చిక్కు టైటానియం వేషాలు వేయడం. మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న టైటానియం మనకు కావాలి, నాలుగు పోగొట్టుకున్నది కొంచెం ఉన్నా చాలు, పుట్టిన కిరణాన్నే రాయి తాగేస్తుంది. పెంచిన తర్వాత హైడ్రోజన్ కలిసిన వాయువులో రోజుల తరబడి కాచి దారికి తెస్తారు. ఆ రాయికి బదులు ఫైబర్ పెట్టి అదే పని అంత బాగా చేయగలిగిన రోజున నాకు మళ్లీ ఉత్తరం రాయి నాయనా, మైసూరుపాకు పంపిస్తాను.

*

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కు పటికతో స్ఫటికం పెంచుతానన్నాడు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ గిన్నె అడుగున ఉప్పులా రాలిపోయింది. పెద్ద రాయి ఒకటే రావాలంటే ఏం చేయాలి?
– పలమనేరు నుంచి ఒక గృహిణి

జవాబు: ఈ నెల ఉత్తరాలన్నింటిలో నాకు బాగా నచ్చినది ఇదేనమ్మా.

బెల్లం, కలకండ రెండూ చెరకు నుంచి వచ్చినవే కదా. పాకాన్ని కలియబెడుతూ చల్లారిస్తే సన్నటి పలుకులు పలుకులుగా బెల్లం అవుతుంది. చక్కెర పాకంలో దారం వేలాడదీసి కదపకుండా వదిలేస్తే కలకండ పెద్ద పలుకులుగా కడుతుంది. తిరుమల లడ్డూలో పంటికి తగిలే కలకండ పలుకు అట్లా పెరిగిందే. మీవాడు మధ్యమధ్యలో గిన్నె ఎత్తి చూస్తున్నాడని నా అనుమానం.

కిరాణా కొట్లో పటిక 100 గ్రాములు తెచ్చి పొడి కొట్టండి. ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 40 గ్రాములు కరిగించండి. వేడినీళ్ల పని మీరే చేయండి. ఇప్పుడు అందరూ వదిలేసే పని ఒకటుంది, వడకట్టడం. పాత చీర ముక్క నాలుగు మడతలు పెట్టి వడకట్టండి. నీళ్లలో ప్రతి దుమ్ము రేణువూ ఒక విత్తనమే. అది ఉంటే దాని చుట్టూ ఇంకో రాయి మొదలవుతుంది, అందుకే ఉప్పులా రాలింది. అందులో కొంచెం పళ్లెంలో పోసి రెండు రోజులు వదిలితే చిన్నచిన్న పలుకులు వస్తాయి. మెరిసేదాన్ని, అంచులు పదునుగా ఉన్నదాన్ని ఒకటే ఏరి, సన్నటి నైలాన్ దారానికి కట్టి, మిగతా నీళ్లు పూర్తిగా చల్లారాక మాత్రమే అందులో వేలాడదీయండి. నీళ్లు వెచ్చగా ఉంటే విత్తనం కరిగిపోతుంది, మా ఇరిడియం గిన్నెలో జరిగినట్టే. పైన పలచటి గుడ్డ కప్పండి. ఫ్యాన్ గాలి తగలని, ఎండ పడని మూల చూడండి. దోసెపిండి పులియబెట్టే చోటు ఉంటుంది కదా, అది సరిపోతుంది. వారం పది రోజుల్లో ఎనిమిది ముఖాలతో రాయి తేలుతుంది.

అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు 192 లేజర్ కిరణాలను ఒక్క చోటికి కొట్టే యంత్రం కట్టారు. కిరణం రంగు మార్చడానికి వాళ్లకు కేడీపీ అనే రాయి పలకలు కావాలి. ఆ రాయిని కూడా మీవాడిలాగే నీళ్లలోనే పెంచుతారు, వడకడుతూ, వేడిని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ. కాకపోతే వాళ్లు విత్తనాన్ని అటొకసారి ఇటొకసారి తిప్పుతారు, చుట్టూ నీళ్లు సమంగా తగలడానికి. అట్లా రెండు నెలల లోపే 318 కిలోల ఒక్కటే రాయి పెంచారు. పాత పద్ధతిలో అయితే ఏళ్లు పట్టేది. బాబుకు ఈ సంగతి చెప్పండి, పక్కన చార్టు మీద రాసుకుంటాడు.

సరిగ్గా రాకపోతే పటిక పారేయకండి. రాలినదంతా మళ్లీ అదే వేడినీళ్లలో వేసి, వడకట్టి మొదలుపెట్టొచ్చు. నైలాన్ దారం దొరకలేదని పట్టుచీర అంచులోంచి పోగు లాగాడని ఒకరి ఇంట్లో గొడవైంది, అది మాత్రం చూసుకోండి.